గినీ కోళ్లని మామూలు కోళ్లతో కలిపి ఒకే గూట్లో పెట్టొచ్చా?

చిట్టిగూడు
అందరికీ నమస్కారం. నా దగ్గర ఎనిమిది పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. గూడు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, లోపల మనిషి నిలబడేంత ఎత్తు. పగలంతా పెరట్లో తిరిగి, చీకటి పడేసరికి వాటంతటవే లోపలికొచ్చేస్తాయి, నేను వెళ్లి తలుపు వేస్తాను. ఇప్పుడు తెలిసినవాళ్లు ఆరు గినీ పిల్లల్ని ఇస్తామంటున్నారు. రెండు నెలలవి. పురుగూ పుట్రా ఏరుకు తింటాయని, పాము కనబడితే గోల చేసి చెబుతాయని ఇంట్లో అందరూ సరదా పడుతున్నారు. వాటికోసం ఇంకో గూడు కట్టే జాగా మాత్రం లేదు. ఉన్న గూట్లోనే సర్దొచ్చా? కొట్టుకు చస్తాయా? పెంచినవాళ్లు చెప్పండి.

ఊకగంప
పెట్టొచ్చు. ముందు లెక్క చూసుకోండి. మీ గూడు 48 చదరపు అడుగులు. ఈ ఆరూ వస్తే మొత్తం పదిహేను, అంటే ఒక్కోదానికి మూడడుగుల పైచిలుకు. మామూలు కోడికి గూట్లో 4 చదరపు అడుగులు అని చెప్పుకుంటాం. గినీకి కనీసం 2 నుంచి 3 చాలు, అదీ పగలంతా బయట తిరిగేట్టయితేనే. కాబట్టి రాత్రి పడుకోవడానికి సరిపోతుంది. ముసురు పట్టి రెండు మూడు రోజులు తలుపు తీయలేకపోతే మాత్రం ఇబ్బందే. ఇరుకులో గినీలు ఊరుకోవు, పక్కనున్నవాటి ఈకలు పీకడం మొదలుపెడతాయి.

ఒక మాట, గూడు ఎత్తుగా ఉండటం మీ అదృష్టం. నేల కొలత కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

రెక్కలలెక్క
నేనైతే వద్దంటాను. ఇప్పుడు పిల్లలు కాబట్టి బుద్ధిగా కనిపిస్తాయి. పగలు పొడుగయ్యే కాలం వచ్చి మగవి జతకి రాగానే చూడండి తమాషా.

మన పుంజులు కొట్టుకుంటే ఒక పద్ధతి ఉంటుంది. ఎదురెదురుగా నిలబడతాయి, మెడ ఈకలు లేపుతాయి, రెండు తన్నులు తన్నుకుంటాయి. ఓడింది తల వంచి పక్కకి పోతే గొడవ అక్కడితో అయిపోతుంది. గినీ మగదానికి ఆ ఒప్పందం తెలీదు. వీపు గూనిలా పైకి లేపి, రెక్కలు ఎత్తి, చప్పుడు లేకుండా వెనకనుంచి పరిగెత్తుకొస్తుంది. పుంజు తోక ఈకలు ముక్కుతో పట్టుకుందంటే ఇక వదలదు. పుంజు పెరడంతా పరుగు, దాని వెనక ఇది వేలాడుతూ పరుగు. ఓడిపోయానని పుంజు తల వంచినా దానికి అర్థం కాదు, మళ్లీ మొదలు. ఇది బయట జరిగితే పుంజు ఎటో ఒకవైపు పారిపోతుంది. నాలుగు గోడల మధ్య, తెల్లవారుజామున మీరింకా తలుపు తీయకముందు జరిగితే ఎక్కడికి పోతుంది?

మందారపెరడు
రెక్కలలెక్క గారూ, మీరు చెప్పింది అబద్ధం కాదు గానీ అన్నీ అలా ఉండవండీ. మా గినీలు పెట్ట కింద పొదిగి పుట్టినవి. వాటికి అమ్మ అంటే ఆ ఎర్ర పెట్టే. దాని వెనకే తిరిగాయి, దాని వెనకే గూటికి వచ్చాయి, ఇప్పటికీ అదే గూట్లో పడుకుంటాయి. చెట్టెక్కాలన్న ఆలోచన కూడా తక్కువే. జతకాలంలో మగవి కాస్త దూకుడు చూపిస్తాయి, నిజమే, ముఖ్యంగా పుంజు మీద. పెట్టల జోలికి పెద్దగా పోవు.

కాబట్టి చిట్టిగూడు గారూ, మీకొచ్చే పిల్లలు ఎవరి దగ్గర పెరిగాయో అడగండి. కోడిపిల్లలతో కలిసి పెరిగినవా, వట్టి గినీల మందలో పెరిగినవా? సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

చిట్టిగూడు
అడిగాను అక్కా. మెషీన్‌లో పొదిగించినవట. బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో, గినీలు మాత్రమే ఉన్నాయి, కోళ్ల మొహం చూడలేదు. ఇంకో సందేహం, ఈ ఆరింటిలో మగవెన్నో ఆడవెన్నో ఎలా తెలుస్తుంది? ఇచ్చేవాళ్లకీ తెలీదట. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి.

కూతపెట్టు
చూసి చెప్పడం కష్టం, వినండి. ఆడది రెండు ముక్కల కూత కూస్తుంది, మొదటి ముక్క పొట్టిగా, రెండోది పైకి లాగినట్టు. ఒకసారి మొదలుపెడితే ఆపదు. మగది ఒక్క ముక్కే, గబగబా వరసగా. చిక్కేమిటంటే భయపడినప్పుడు ఆడది కూడా ఒక్క ముక్క కూతే కూస్తుంది. అందుకని రెండు ముక్కలు వినిపిస్తే అది కచ్చితంగా ఆడది. ఒక్క ముక్కే వినిపిస్తే ఇంకా ఏమీ తేలనట్టే, ఇంకొన్నాళ్లు చెవి పెట్టాలి. రెండు నెలల వయసులో కొన్నే కూతకొస్తాయి.

మూడు నాలుగు నెలలు దాటాక ముక్కు పక్కన వేలాడే ఎర్ర తిత్తులు చూడొచ్చు. మగదానికి పెద్దవి, కాస్త దొప్పలా ముడుచుకుని ఉంటాయి. ఆడదానికి చిన్నవి, చదునుగా ఉంటాయి. రెండు రకాలుగానూ సరిపోతేనే ఖాయం చేసుకోండి. కూత తెలిసిన రోజున కాలికి రంగు రింగు వేసేయండి, మర్నాటికి ఏది ఏదో మళ్లీ తెలీదు.

గడ్డివాము
కూతపెట్టు అన్న చెప్పింది బాగుంది. నేను గూడు సంగతికి వస్తాను, అడిగింది అదే కాబట్టి.

గినీకి కావలసింది ఎత్తు. మీ కోళ్లు కూర్చునే కర్ర రెండు మూడడుగుల ఎత్తులో ఉండి ఉంటుంది. గినీలకి నాలుగైదు అడుగుల పైన, గూటికి ఇంకో చివర వేరే కర్రలు కట్టండి. కోళ్ల కర్రకి నేరుగా పైన వద్దు, రాత్రంతా రెట్ట కోళ్ల వీపుల మీద పడుతుంది. దాణా, నీళ్లు కూడా కర్రల కింద ఉండకూడదు. పై కర్రకీ కప్పుకీ మధ్య ఒకటిన్నర అడుగైనా ఖాళీ వదలండి. రాత్రి పిల్లి ఏదైనా గూటి మీద నడిస్తే ఇవి ఉలిక్కిపడి నిట్టనిలువుగా ఎగురుతాయి, కప్పు దగ్గరగా ఉంటే తల పగలగొట్టుకుంటాయి. బయటికి పొడుచుకొచ్చిన మేకు, వైరు ముక్క ఏదున్నా ముందే తీసేయండి.

రెండోది తలుపు. కోళ్లు దూరే చిన్న కంతలోకి గినీలు రావు. దాని ముందు నిలబడి మెడ చాచి చూస్తాయి, అరుస్తాయి, తిరిగి పోతాయి. మనిషి వెళ్లే పెద్ద తలుపు తీసిపెట్టాల్సిందే.

మూడోది దీపం. చీకటిగా ఉన్న గూట్లోకి అస్సలు దిగవు. సాయంత్రం లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచండి, లోపలేముందో కనిపిస్తే వస్తాయి.

ఊకగంప
గడ్డివాము గారి మాటకి ఒకటి కలుపుతాను. ఇవి బెదిరితే మూలకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, కిందవి ఊపిరాడక చచ్చిపోతాయి. మూలల్లో రేకు గానీ అట్ట గానీ అడ్డం పెట్టి గుండ్రంగా చేస్తే మేలు. చిన్నప్పుడైతే ఇది మరీ ముఖ్యం.

రాత్రిడ్యూటీ
దీపం సంగతి నాకు నచ్చలేదు. రాత్రంతా లైటు వేసి ఉంచితే కోళ్లకి నిద్ర ఉండదు, చిరాకు పెరిగి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. గుడ్ల లెక్క కూడా తారుమారు అవుతుంది. అడవిలో వీటికి ఎవడు దీపం పెట్టాడు? ఆఫ్రికాలో గడ్డి మైదానాల్లో తిరిగి చెట్టెక్కి పడుకునే పక్షులివి. చెట్టెక్కనీయండి, పోయేదేముంది.

గడ్డివాము
రాత్రంతా అని నేను అనలేదు తమ్ముడూ. పొద్దు వాలుతున్నప్పుడు వేసి, అన్నీ కర్ర మీద సర్దుకున్నాక తీసేయాలి. గంట కూడా పట్టదు. సన్నటి బల్బు చాలు.

చెట్టెక్కితే పోయేది పక్షే. గుడ్లగూబ రాత్రి చెట్టు మీదున్న గినీని ఎత్తుకుపోవడం చాలామంది చూశారు. పైగా చెట్టు మీద అలవాటు పడ్డదాన్ని కిందికి దింపడం ఎవరి తరమూ కాదు. వానలో తడుస్తూ అక్కడే కూర్చుంటుంది గానీ లోపలికి రాదు. ఇక అడవి సంగతంటారా, అక్కడ పెట్టే పిల్లల్లో ఎన్ని మిగులుతాయో కూడా లెక్కేసుకోవాలి కదా.

రాత్రిడ్యూటీ
గంటసేపే అయితే సరే, నాకేం అభ్యంతరం లేదు. గుడ్లగూబ మాట ఒప్పుకుంటా.

మందులపెట్టె
పశువైద్యం నా వృత్తి. ఇంతవరకు ఎవరూ ఎత్తని రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది దాణా. కోడిపిల్లలకి రక్తవిరేచనాలు రాకుండా, అంటే కాక్సిడియోసిస్ రాకుండా, కొన్ని దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. అది కోళ్లకి మంచిదే, గినీలకి మాత్రం ప్రాణాంతకం. గుర్రాలకి కూడా. ఆ మందు లేబుల్ మీదే గినీలకి అందనివ్వొద్దని హెచ్చరిక ఉంటుంది. గూడు ఒకటే అయితే తొట్టి కూడా ఒకటే అవుతుంది, అందుకే చెబుతున్నాను. బస్తా మీద ఏ మందు కలిపారో చదవండి. రాసిలేకపోతే అమ్మినవాళ్లని అడగండి, వాళ్లకీ తెలీకపోతే ఆ బస్తా కొనకండి. మందు కావాలంటే ఆంప్రోలియం ఉన్నది మేలు.

రెండోది బ్లాక్‌హెడ్. హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు ఇది. కోళ్ల పేగుల్లో ఉండే హెటరాకిస్ అనే సన్నటి పురుగు గుడ్లలో అది దాక్కుంటుంది. కోడికి చాలాసార్లు ఏమీ అయినట్టు కనిపించదు, హాయిగా తిరుగుతూనే ఉంటుంది. రెట్టతో బయటపడ్డ ఆ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, వానపాములు కూడా వాటిని మోస్తాయి. ఈ జబ్బుకి ఎక్కువగా చచ్చేవి టర్కీలు. గినీలకి అంత తీవ్రం కాదు గానీ వాటికీ వస్తుంది. గినీ ముడుచుకుని కూర్చుని, రెట్ట గంధకం రంగులో పసుపుగా వేస్తుంటే ఆలస్యం చేయకండి. కలిపి పెంచాలనుకుంటే ముందు మీ కోళ్ల రెట్ట పరీక్ష చేయించి, పురుగుల మందు వేయించండి. ఊక పొడిగా ఉంచండి.

కొత్తవాటిని తెచ్చిన రోజే కలపకండి. కనీసం నెల రోజులు విడిగా ఉంచి గమనించాలి.

చిట్టిగూడు
డాక్టరు గారూ, చాలా థాంక్స్. మా దాణా బస్తా చూశాను, మందు పేరే లేదు. అడిగి కనుక్కుంటాను. నెల రోజులు విడిగా అంటే ఎక్కడ పెట్టాలో తోచలేదు. గూట్లోనే మధ్యలో మెష్ కట్టి అటు ఇవి, ఇటు అవి పెడితే సరిపోతుందా?

మందులపెట్టె
జబ్బు అంటకుండా ఉండటానికైతే మెష్ చాలదు. గాలి ఒకటే, ఊక ఒకటే, మీ చెప్పులు కూడా ఒకటే. మొదటి నెల ఇంటికి ఇంకోవైపు ఏదైనా షెడ్డులో ఉంచండి. ముందు పాత కోళ్ల పని చూసుకుని, తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు చెప్పులు మార్చండి. నెల గడిచాక మెష్ మంచి ఆలోచన. అది జబ్బు కోసం కాదు, ఒకదానికొకటి అలవాటు పడటానికి.

రెక్కలలెక్క
ఆ మెష్ తీసేయకండి అనేదే నా సలహా. ఒకే కప్పు, మధ్యలో అడ్డం, రెండు వేరు తలుపులు. పగలు బయట ఎలాగూ కలుస్తాయి. రాత్రి, తెల్లవారుజామున ఎవరి గది వాళ్లది. కొత్త గూడు కట్టే ఖర్చు లేదు, పుంజు తోకా మిగులుతుంది.

మందారపెరడు
దీనికి నేనూ ఒప్పుకుంటాను. మెషీన్‌లో పుట్టినవి, కోళ్లని ఎరగనివి అంటున్నారు కాబట్టి మీకు ఇదే సరైనది. తర్వాత ఎప్పుడైనా తీయాలనిపిస్తే జతకాలం అయిపోయాక తీసి చూడండి.

తొట్టెలు కూడా రెండు మూడు చోట్ల పెట్టండి. ఒకే తొట్టి ఉంటే గినీలన్నీ కట్టగట్టుకుని దాని చుట్టూ నిలబడతాయి, పిరికి పెట్ట సాయంత్రం దాకా పస్తే.

పొలంగట్టు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు గినీ గుడ్లు దొరికాయి. మా పెట్ట ఒకటి పొదుగుకొచ్చింది. దాని కింద పెట్టొచ్చా? కోడిగుడ్లతో కలిపి పెట్టొచ్చా?

మందారపెరడు
భేషుగ్గా పెట్టండి. పెద్ద పెట్ట అయితే పదిహేను దాకా కప్పుకుంటుంది, గినీ గుడ్లు చిన్నవి కదా. కలిపి పెడితే రోజుల లెక్క చూసుకోవాలి. కోడిగుడ్డు 21 రోజులకి పగులుతుంది, గినీది 26 నుంచి 28. ఒకేసారి పెడితే ముందు కోడిపిల్లలు బయటికొస్తాయి, పెట్ట వాటిని తీసుకుని లేచి వెళ్లిపోతుంది, గినీ గుడ్లు చల్లబడి పోతాయి. గినీవి ముందు పెట్టి, వారం ఆగి కోడివి పెట్టండి. పెంకు గట్టిది, రంగు ముదురు, దీపానికి పెట్టి చూసినా లోపల సరిగా కనిపించదు. కాబట్టి తొందరపడి గుడ్లు పారేయకండి.

పిల్లలు పుట్టాక మొదటి రెండు వారాలే గండం. తడి గడ్డి వాటి పాలిట యముడు. మంచుపడ్డ గడ్డిలో తిరిగితే కడుపు కింద నూగు తడిసిపోయి, చలికి గంటలో వాలిపోతాయి. గినీ తల్లికి ఈ ఇంగితం లేదు, పొద్దున్నే పిల్లల్ని మంచులోకి లాక్కుపోతుంది. కోడిపెట్టే నయం. అయినా ఎండ వచ్చి గడ్డి ఆరేదాకా తలుపు తీయకండి.

ఊకగంప
నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి. ఈ పిల్లలు బొటనవేలంత ఉంటాయి, లోతులేని పళ్లెంలో కూడా పడి మునిగిపోతాయి. నేల మీద పేపరు పరచొద్దు, జారి కాళ్లు రెండు పక్కలకి విడిపోతాయి, అలా విడిపోతే సరిచేయడం కష్టం. గరుకు గుడ్డ గానీ ఊక గానీ ఉండాలి. బ్రూడర్ అయితే మొదట్లో 35 డిగ్రీల వేడి, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రండి. పైన మూత తప్పనిసరి, రెండు మూడు వారాలకే ఎగిరిపోతాయి.

మందులపెట్టె
గినీ పిల్లలకి మాంసకృత్తులు ఎక్కువ కావాలి. మొదటి నాలుగైదు వారాలు 24 నుంచి 26 శాతం ఉన్న దాణా పెట్టండి, టర్కీ పిల్లల దాణా సరిపోతుంది. మామూలు కోడిపిల్లల దాణాలో 18 నుంచి 20 శాతమే ఉంటుంది. కలిపి పెంచితే అందరికీ ఎక్కువ శాతం ఉన్నదే పెట్టండి, ఆ కొద్ది వారాలు కోడిపిల్లలకి ఏమీ కాదు. గుడ్లుపెట్టే కోళ్ల దాణా మాత్రం పిల్లలకి వద్దు, అందులోని సున్నం వాటి మూత్రపిండాలకి చేటు.

పొలంగట్టు
ధన్యవాదాలు అందరికీ. ఇంకొక్క పిచ్చి ప్రశ్న. గినీ మగదానికీ కోడిపెట్టకీ పిల్లలు పుడతాయా?

కూతపెట్టు
పిచ్చిదేం కాదు. అరుదుగా పుడతాయి. తల మీద తురాయీ ఉండదు, కొమ్ములాంటిదీ ఉండదు, మెడ పొడుగ్గా ఉండి రాబందు పిల్లలా కనిపిస్తుందంటారు. వాటికి మళ్లీ సంతానం ఉండదు.

చిట్టిగూడు
మళ్లీ వచ్చాను. షెడ్డులో నెల రోజులు అయిపోయాయి, అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. కోళ్ల రెట్ట పరీక్షలో పురుగులు ఉన్నాయని తేలితే మందు వేయించాం. గూట్లో మధ్యగా మెష్ కట్టాం, మొదటి రెండడుగులు రేకు, పైన మెష్. గినీల వైపు ఐదడుగుల ఎత్తులో రెండు కర్రలు. వాటి వైపు వెడల్పాటి తలుపు. గూట్లోకి మార్చి ఇప్పుడు పదిరోజులవుతోంది, బయటికి వదల్లేదు. మొదట్లో మెష్‌కి ఇటు పుంజు, అటు గినీ, పొద్దస్తమానం అటూ ఇటూ నడుస్తూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇప్పుడు పట్టించుకోవడం మానేశాయి.

ఎన్నాళ్లకి వదలొచ్చు? వదిలితే తిరిగొస్తాయా అని నాకు ఒకటే టెన్షన్.

గడ్డివాము
ఇంకో నెలైనా ఆగండి. మొత్తం ఆరు వారాలు లోపల ఉంటే ఈ గూడు తమదని తలకెక్కుతుంది. ఈలోగా రోజూ ఒకే వేళకి, పొద్దు వాలేటప్పుడు, గిన్నె చప్పుడు చేసి చిరుధాన్యం గుప్పెడు చల్లండి. ఆ చప్పుడంటే తిండి అని పడిపోవాలి.

వదిలే రోజున అన్నింటినీ వదలకండి. సాయంత్రం, చీకటికి గంట ముందు, ఒకదాన్ని వదలండి. మిగతా ఐదు లోపల అరుస్తుంటాయి, బయటది దూరం పోలేదు. మంద లేకుండా గినీ బతకలేదు, గూటి చుట్టూనే తిరుగుతూ లోపలికి దారి వెతుక్కుంటుంది. అది మర్నాడు కూడా సరిగ్గా వస్తే రెండు వదలండి. అలా పెంచుకుంటూ పోండి.

రెక్కలలెక్క
ఒక రెక్క ఈకలు కత్తిరిస్తే ఈ తంటా లేదు కదా?

గడ్డివాము
కత్తిరిస్తే కంచె దాటవు, నిజమే. కుక్క వెంటపడితే కూడా దాటలేవు. నేను కత్తిరించను. ఎవరి పెరడుని బట్టి వాళ్లు చూసుకోవాలి.

పట్టుకోవాల్సి వస్తే మాత్రం కాళ్లు పట్టుకోకండి ఎవరూ. కోడిని కాళ్లు పట్టుకుని ఎత్తినట్టు వీటిని ఎత్తితే కాలు బెణకడమో విరగడమో ఖాయం. చీకట్లో కర్ర మీద ఉన్నప్పుడు రెండు చేతులతో రెక్కలు కలిపి ఒళ్లు పట్టుకోవాలి.

రాత్రిడ్యూటీ
పక్కింటివాళ్లకి చెప్పారా? ఎవరూ ఆ మాటే ఎత్తట్లేదు. తెల్లవారకముందే మొదలుపెడతాయి. కొత్త మనిషొస్తే అరుపు, గద్దొస్తే అరుపు, గాలికి గుడ్డ ఎగిరితే అరుపు. కారు తలుపులో తమ బొమ్మ చూసుకుని దాన్ని పొడిచేవి కూడా ఉంటాయి, కారు ఎవరిదైతే వాళ్లు మీ మీదకొస్తారు.

చిట్టిగూడు
పక్కింట్లో చెప్పాం అన్నా. పాముల భయం వాళ్లకి మా కంటే ఎక్కువ, తెచ్చుకోమన్నారు.

రాత్రిడ్యూటీ
పాముని చుట్టుముట్టి అరుస్తాయి, అది నమ్మొచ్చు. చంపేస్తాయని మాత్రం మాటివ్వకండి వాళ్లకి. కేక వినబడితే టార్చి తీసుకుని మీరే వెళ్లాలి.

చిట్టిగూడు
వదలడం మొదలుపెట్టాం. కూత ప్రకారం నాలుగు ఆడవి, రెండు మగవి. మొదట వదిలిన ఆడది గూటి చుట్టూ తిరుగుతూ మెష్‌కి ముక్కు ఆనించి లోపలున్నవాటిని చూసి గోల పెట్టింది, బల్బు వేయగానే తలుపులోంచి దూరి ఎగిరి కర్రెక్కింది. ఇప్పుడు ఆరింటినీ వదులుతున్నాం. ఐదు వచ్చేస్తున్నాయి. ఒక మగది మాత్రం గూటి కప్పు మీద కూర్చుని దిగట్లేదు. కింద బల్బు వెలుగుతోంది, గిన్నె కొడుతున్నాను, అయినా కప్పు అంచుదాకా వచ్చి కిందికి చూసి మళ్లీ వెనక్కి పోతోంది. నిన్న కర్రతో అదిలిస్తే మామిడి చెట్టెక్కింది.

గడ్డివాము
కర్రతో తరమొద్దు. తరిమితే పైకే పోతుంది, ఎప్పుడూ అంతే. రేపటినుంచి సాయంత్రం గుప్పెడు తగ్గించండి, పగలు గింజలు వేయకండి. ఆకలితో ఉన్నదే ముందు దిగుతుంది. వెలుతురు ఉండగానే, అది ఇంకా కప్పెక్కకముందే, ఓ అరగంట ముందుగా పిలవండి. అప్పటికీ దిగకపోతే దాన్ని ఒక్కదాన్నే మళ్లీ రెండు వారాలు లోపల పెట్టండి. ఇప్పుడే పట్టాలి, కప్పు నుంచి చెట్టుకి మారిందంటే చేయి దాటినట్టే.

మందారపెరడు
రెండు మగవి కాబట్టి, దిగనిది రెండోదానికి భయపడి దిగట్లేదేమో కూడా చూడండి. లోపల కర్ర ఒకటే కొసన ఉంటే పెద్దది దాన్ని రానివ్వదు. రెండు కర్రలు రెండు గోడలకి ఉన్నాయా, పక్కపక్కన ఉన్నాయా?

చిట్టిగూడు
పక్కపక్కనే ఉన్నాయి అక్కా. ఒకటి విప్పి అవతలి గోడకి కట్టాం ఇవాళ. రెండు రోజులు పోయాక చెబుతాను.

చిట్టిగూడు
దిగింది! కొత్త కర్ర మీద ఒక్కటే దర్జాగా కూర్చుంది, రెండోది అటు పోలేదు. ఇంకో సంగతి, ఒక ఆడది రోజూ మధ్యాహ్నం కంచె పక్క పొదల్లోకి మాయమవుతోంది. వెళ్లి చూస్తే గడ్డిలో చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు. తీసేయొచ్చా?

కూతపెట్టు
అన్నీ తీయకండి. రెండు మూడు వదిలేయండి, లేదా చెక్క గుడ్లు పెట్టండి. గుంట ఖాళీగా కనిపిస్తే మర్నాడే చోటు మార్చేస్తుంది, మళ్లీ మీరు వెతుక్కోవాలి. అది లేనప్పుడు వెళ్లండి, చేత్తో కాకుండా పొడుగు గరిటెతో తీయండి. వదిలిన గుడ్ల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే పాతదేదో కొత్తదేదో తెలుస్తుంది. గుడ్లు పెరిగిపోయి అక్కడే పొదగడానికి కూర్చుందంటే రాత్రిళ్లు కూడా గూటికి రాదు, నక్కకో ముంగిసకో దొరికిపోతుంది. మధ్యాహ్నం దాకా గూట్లోనే ఉంచి తర్వాత వదిలితే చాలా గుడ్లు లోపలే పెడతాయి, దాని వైపు మూలలో గడ్డి పరిచి ముందు ఒక పలక చాటు పెట్టండి.